పేకాటలో పెద్దపీట ఎవరిది?

వడ్డించువాడు మనవాడైనచో కడపటి బంతిలో కూర్చున్నను కొదవ లేదని పెద్దలమాట. విందులో కూర్చున్న చోటుకంటె వడ్డించు చేయి ముఖ్యమని దాని భావము. పేకాటలో మాత్రము పంచు చేయి ఎవరిని ఎరుగదు. బాగుగా కలిపిన పేకకు తనవాడు, పరుడు అను భేదము లేదు. అందుచేత అక్కడ కూర్చున్న చోటునకు వేరొక విధమైన విలువ ఏర్పడినది. ఎవరు ముందు ఆడవలెను, ఎవరు వెనుక ఆడవలెను, ఎవరు విడిచిన ముక్క ఎవరి చేతికి పోవును అను మూడు ప్రశ్నలు ఆటగాని యుక్తిని చాలవరకు నిర్ణయించును. ఈ విలువ ఎట్టిది, దానిని అందరికి సమము చేయుటకు ఆటగాండ్రు ఎట్టి కట్టుబాట్లు చేసికొనిరి, ఆ కట్టుబాట్లకు లొంగని చోటు ఏది అను విషయములను ఇక్కడ విచారింతము.

శ్రీరాంపూర్ వంటి గనుల ఊరిలో ఇది వట్టి వినోదపు విషయము కాదు. గోదావరికి ఉత్తరపు గట్టున మంచిర్యాల, శ్రీరాంపూర్. దక్షిణపు గట్టున రామగుండము, గోదావరిఖని. ఈ రెండు గట్టులను బొగ్గు ఒక్కటిగా ముడివేసినది. 1871లో ఇల్లెందు ప్రాంతమున విలియం కింగ్ బొగ్గును కనుగొనుటతో మొదలైన కథ 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ స్థాపనకు దారితీసెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా రూపము దాల్చెను. గనులలో మూడు షిఫ్టులుగా పని జరుగును. మూడు షిఫ్టుల పని ఉన్నచోట తీరిక కూడ మూడు వేళల వచ్చును. ఆ తీరికలో చదరంగము, క్యారమ్సు, పేక అన్నియు చేతికి వచ్చును. వీనిలో పేక ఒక్కటే నెల జీతముతో త్వరగా చుట్టరికము కలుపుకొనును. కనుక ఆటను ఆటగా తెలిసికొనుట ఆడువారికే కాక, ఇంటివద్ద జీతమునకై ఎదురుచూచు వారికి కూడ అవసరము.

ఈ ప్రాంతమునకు పేకతో గల సంబంధము గనులకంటె పాతది. శ్రీరాంపూర్ చిరకాలము ఆదిలాబాదు జిల్లాలో నుండి, 2016లో ఏర్పడిన మంచిర్యాల జిల్లాలో చేరినది. అదే పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని నిర్మల్ కొయ్యబొమ్మలకు, వర్ణచిత్రములకు ప్రసిద్ధి. అక్కడి చిత్రకారులు గంజిఫా ముక్కలను కూడ చిత్రించిరి. గంజిఫా ముక్క గుండ్రముగా నుండును. మొగలాయి గంజిఫాలో ఎనిమిది రంగులు, రంగునకు 12 ముక్కలు, మొత్తము 96. దశావతార గంజిఫాలో పది అవతారములకు పది రంగులు, మొత్తము 120. బాబరు చక్రవర్తి 1527లో సింధుదేశమునందలి తన మిత్రునికి గంజిఫా ముక్కలు పంపినట్లు స్వీయచరిత్రలో వ్రాసికొనెను. అక్బరు కాలపు గంజిఫాను అబుల్ ఫజల్ వర్ణించెను.

గంజిఫాలో మొదటి ముక్క వేయు హక్కు పీటకు కట్టుబడి లేదు. దశావతార గంజిఫాను పగలు ఆడునపుడు రాముని ముక్క ఎవరికి వచ్చినదో వారు, రాత్రి ఆడునపుడు కృష్ణుని ముక్క ఎవరికి వచ్చినదో వారు ఆటను ప్రారంభింతురు. ఎవరు ముందు ఆడవలెనను తగవును ఈ ఆట ముక్కలకే అప్పగించినది. కాని ఆట ఒకసారి మొదలైన పిమ్మట వరుస కుడిచేతివైపుగా, అనగా అప్రదక్షిణముగా సాగును. తరువాత వేయువాడు ముందు పడిన ముక్కను చూచియే తన ముక్కను ఎన్నుకొనును. చోటునకు గల బలమంతయు ఈ చూపులోనే కలదు. ముందువాడు చీకటిలో వేయును. వెనుకవాడు వెలుతురులో వేయును.

పిమ్మట సముద్రముమీదుగా వచ్చిన 52 ముక్కల పేక గంజిఫాను మూలకు నెట్టెను. మనము నేటికిని వాడు కళావరు, ఆటీను అను పేళ్లు డచ్చి భాషలోని క్లావర్, హార్టెన్ అను మాటలను పోలియున్నవి. 17వ శతాబ్దమున డచ్చివారికి మచిలీపట్నములో వర్తకస్థానము ఉండెనన్న సంగతిని ఇక్కడ జ్ఞాపకము చేసికొనవచ్చును. పంతొమ్మిదవ శతాబ్దము ముగియు నాటికి పేకాట తెలుగువారి ఇండ్లలో ఎంతగా పాతుకొనెనో గురజాడ కన్యాశుల్కము చూచినవారికి తెలియును. మధురవాణి ఇంట జరుగు పేకాటలో ముక్కలకంటె మనుషులే ఎక్కువగా బయటపడుదురు.

నేడు తెలుగువారి పేకాట అనగా ముఖ్యముగా పదమూడు ముక్కల రమ్మీ. ఇందులో కూర్చున్న చోటు ఎట్లు పనిచేయునో చూతము. పంచినవాని ఎడమచేతివాడు మొదట ఆడును. వరుస ప్రదక్షిణముగా సాగును. ప్రతివాడును మూసియున్న దొంతరనుండి గాని, తనకు ముందు ఆడినవాడు విడిచిన ముక్కను గాని తీసికొని, తన చేతిలోని ఒక ముక్కను విడువవలెను. విడిచిన ముక్కను ఎత్తుకొను అవకాశము వెనువెంటనే ఆడువానికే కలదు. అతడు వలదన్నచో దానిపై మరియొక ముక్క పడి అది మరుగునపడును.

కనుక బల్లచుట్టు ఆరుగురు ఉన్నను, ఒక్కొక్కరికి నిజమైన పొరుగువారు ఇద్దరే. కుడిప్రక్కవాడు మనకు ముక్కలు ఇచ్చు దాత. ఎడమప్రక్కవాడు మన ముక్కలకై కాచుకొనియున్న యాచకుడు. కుడివైపున అజాగ్రత్తపరుడు కూర్చున్నచో మన పంట పండినట్లే. ఎడమవైపున జ్ఞాపకశక్తి గలవాడు కూర్చున్నచో ప్రతి ముక్కను విడుచుటకు ముందు ఆలోచింపవలెను. మనము విడిచిన ఆటీను ఎనిమిదిని ఎడమప్రక్కవాడు ఎత్తుకొన్నాడనుకొందము. ఇక ఆటీను ఏడు, తొమ్మిది మనకు పనికిరానివైనను వానిని విడుచుట ప్రమాదము. ఇతర రంగుల ఎనిమిదులును అట్టివే. అదే ముక్కలను అతని అవతలనున్నవాడు విడిచినచో మనకు చింత లేదు. ముక్క ఒక్కటే, చోటు మారినంతనే దాని గుణము మారినది.

ఆటనుండి తప్పుకొనుటలో కూడ వరుసకు ప్రాముఖ్యము కలదు. సాధారణముగా ఆడు పద్ధతిలో ఒక్క ముక్కయైనను తీయకముందే తప్పుకొనువానికి 20 కౌంటు, నడుమ తప్పుకొనువానికి 40, పూర్తిగా ఓడినవానికి అత్యధికముగా 80. వరుసలో చివరనున్నవాడు తన వంతు వచ్చుసరికి ఎవరు తప్పుకొనిరో, ఎవరు ఏ ముక్కను ఆశతో ఎత్తిరో చూచియుండును. మొదటివానికి ఆ చూపు లేదు. దానికి బదులు అందరికంటె ఒక వంతు ముందుగా ముక్కలు కూర్చుకొను అవకాశము కలదు. ఈ విధముగా రమ్మీలో ముందున్నవానికి వేగము, వెనుకనున్నవానికి వివరము దక్కును.

చోటునకు ఇంత విలువ ఉండుటచేతనే, తెలిసిన ఆటగాండ్రు కూర్చుండుటకు ముందు సీట్లకై ముక్కలు లాగుదురు. ఎవరికి ఏ ముక్క వచ్చినదో ఆ వరుసలో కూర్చుందురు. పంచు వంతు కూడ ప్రతి ఆటకు ఒక చోటు జరుగును. దీనివలన రెండు ప్రయోజనములు కలవు. అదృష్టపు చోటు ఒకనికే సొంతము కాదు. కలిసి మోసము చేయదలచిన ఇద్దరు కోరి పక్కపక్కన కూర్చుండి ఒకనికొకడు ముక్కలు అందించుకొనుట కష్టమగును. వినుటకు చిన్న కట్టుబాటు. కాని ఆట న్యాయమంతయు దానిపై నిలిచియున్నది.

చోటు విలువను లెక్కకట్టి చెప్పుటకు మనము మరియొక ఆటవద్దకు పోవలెను. అది అమెరికాలో పుట్టిన పోకరు. పంతొమ్మిదవ శతాబ్దపు తొలి భాగమున న్యూ ఆర్లియన్సు నగరమునందును, మిసిసిపీ నదిపై తిరుగు పొగపడవలయందును ఇది వ్యాపించెను. మొదట 20 ముక్కలతో నలుగురు ఆడెడివారు. తరువాత 52 ముక్కల పేక వచ్చెను. నేడు లోకమంతట ఆడు టెక్సాస్ పద్ధతికి రాబ్స్‌టౌన్ అను ఊరు జన్మస్థానమని టెక్సాస్ శాసనసభ 2007లో గుర్తించెను. ఆ పద్ధతి 1967లో లాస్ వేగాస్ చేరెను. 1970లో అక్కడ ప్రపంచ పోటీలు మొదలయ్యెను.

ఈ ఆటలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు రహస్యముగా ఇత్తురు. బల్ల నడుమ అయిదు ముక్కలు అందరికి ఉమ్మడిగా దశలవారీగా తెరతురు. దశదశకు పందెము కాయవలెను, లేదా తప్పుకొనవలెను. పంచినవాని ఎడమప్రక్కనున్న ఇద్దరు ముక్కలు చూడకముందే నిర్బంధముగా కొంత సొమ్ము వేయవలెను. అందుకు ప్రతిఫలముగా మొదటి దశలో వారికి చివర మాట్లాడు వంతు ఇత్తురు. తరువాతి మూడు దశలలోను వారే ముందు మాట్లాడవలెను. పంచినవాని చోటు చివరిది. అందరి మాట విని పిదప మాట్లాడువానిదే అక్కడ పెద్దపీట.

ఇందుకు చిన్న లెక్క చూతము. రెండు ముక్కలలో రెండును ఆసులు వచ్చుట 221 సార్లలో ఒకసారి సంభవించును. తొమ్మిదిమంది ఆడుచున్నపుడు మొదట మాట్లాడువాని వెనుక ఎనిమిదిమంది నోరు విప్పనివారు ఉన్నారు. వారిలో ఒకనికి ఆసుల జంట ఉండుటకు సుమారు 28లో ఒక వంతు అవకాశము కలదు. ఒక్కడే మిగిలియున్నపుడు అది మరల 221లో ఒక వంతే. కనుక మధ్యరకపు ముక్కలు గలవాడు ముందు కూర్చున్నపుడు తప్పుకొనుట వివేకము. అవే ముక్కలతో చివర కూర్చున్నపుడు పందెము కాయుట వివేకము. రమ్మీలో ముక్క గుణము మారినట్లే ఇక్కడ చేతి విలువ మారినది.

గని దిగువారికి ఈ సూత్రము క్రొత్తది కాదు. షిఫ్టు మొదలగునపుడు పనిచోటును మైనింగ్ సర్దారు ముందు పరీక్షించును. పైకప్పును తట్టి చూచి, ఆ శబ్దమునుబట్టి గట్టిదో, వదులైనదో తెలిసికొనును. అతని మాట వినిన తరువాతనే తక్కినవారు పనిలో దిగుదురు. ముందు పోవువాడు తెలియని అపాయమును మోయును. వెనుక వచ్చువాడు అతని ఎరుకను అనుభవించును. గనిలో ఆ ఎరుక అందరి క్షేమమునకై పంచబడును; పేకబల్లవద్ద అదే ఎరుకను ఎదుటివాని జేబు ఖాళీచేయుటకు వాడుదురు. భేదమంతయు ఇక్కడనే ఉన్నది.

చోటు విలువను గణితశాస్త్రజ్ఞులు కూడ పరిశీలించిరి. జాన్ వాన్ నాయ్‌మన్ 1928లో ఆటల సిద్ధాంతమునకు పునాది వేసెను. 1944లో ఆస్కర్ మార్గెన్‌స్టర్న్‌తో కలిసి వ్రాసిన గ్రంథములో పోకరునకు ఒక అధ్యాయము కేటాయించెను. 1950లో హెరాల్డ్ కూన్ ఆ ఆటను మిక్కిలి చిన్నదిగా చేసి చూపెను. ముక్కలు మూడే: జాకీ, రాణి, రాజు. ఆటగాండ్రు ఇద్దరే. చెరియొక నాణెము వేసి చెరియొక ముక్క తీసికొందురు. మొదటివాడు ఇంకొక నాణెము పందెము కాయవచ్చును, లేదా ఊరకుండవచ్చును. అతడు ఊరకున్నచో రెండవవాడు కాయవచ్చును. ఒకడు కాసినపుడు రెండవవాడు సమముగా వేసి ముక్క చూపించుకొనవలెను, లేదా తప్పుకొనవలెను. పెద్ద ముక్క గెలుచును.

ఇంత చిన్న ఆటలో కూడ ఇద్దరును ఒక్క తప్పైనను చేయక ఆడినచో ఫలితము సమము కాదు. మొదట మాట్లాడువాడు సగటున 18 ఆటలకు ఒక నాణెము నష్టపోవును. రెండవవాని నేర్పు ఎట్టిదనగా, అతని చేత జాకీ ఉండి మొదటివాడు ఊరకున్నపుడు, మూడింట ఒకసారి ధైర్యము నటించి పందెము కాయవలెను. ఇట్లు చేసినచో ఎదుటివానికి అతని మనస్సు అంతుపట్టదు. తెలివి సమానము, ముక్కలు సమానము, అయినను చోటుచేత ఒకడు ఓడుచున్నాడు. ఆ ఓటమి వెల పదునెనిమిదింట ఒక నాణెము.

దీనికి మందు కూడ ఆ లెక్కలోనే కలదు. ఆట ఆటకు చోటు మార్చుకొన్నచో ఇద్దరును సమానులే. అందుచేతనే పోకరులో పంచినవాని గుర్తుగా ఒక బిళ్లను ప్రతి ఆటకు ఎడమప్రక్కవాని ఎదుటికి జరుపుదురు. పూర్వము జింకకొమ్ము పిడిగల కత్తిని ఇట్లు జరిపెడివారనియు, బాధ్యతను ఒకరిపైనుండి ఒకరిపైకి నెట్టుటను గూర్చిన ఆంగ్ల జాతీయము అందుండియే పుట్టినదనియు చెప్పుదురు. రమ్మీలో సీట్లకు ముక్కలు లాగుట, పోకరులో బిళ్ల తిరుగుట, గంజిఫాలో రామునికి, కృష్ణునికి హక్కు ఇచ్చుట అన్నియు ఒకే ధర్మము. పెద్దపీట వేయక తప్పనపుడు అది అందరివద్దకును తిరుగవలెను.

ఇక ఈ ఆటలు న్యాయస్థానమునకు ఎక్కిన కథ చూతము. అది మన తెలుగునేలనుండియే పోయినది. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై 1963లో పోలీసులు దాడిచేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుచున్నవారిని పట్టుకొనిరి. నేరారోపణకు ఆధారము హైదరాబాదు జూద చట్టము. అది 1305 ఫసలీలో, అనగా 1895-96 ప్రాంతమున, నిజాము ప్రభుత్వము చేసిన శాసనము. క్రింది కోర్టు శిక్ష వేయగా హైకోర్టు దానిని కొట్టివేసెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సుప్రీమ్ కోర్టునకు పోయెను. 1967 నవంబరు 22న న్యాయమూర్తి హిదయతుల్లా తీర్పు చెప్పిరి. మూడు ముక్కలాట కేవలము అదృష్టముపై ఆధారపడినదనియు, రమ్మీ అట్టిది కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటకును, ఏది ఉంచవలెనో ఏది విడువవలెనో నిర్ణయించుటకును నేర్పు కావలెననియు వారి అభిప్రాయము. ముక్కలు పంచుటలోని అదృష్టము బ్రిడ్జి ఆటలో ఉన్నట్టిదేయని కూడ వారు పోల్చిరి. ప్రభుత్వపు అప్పీలు వీగిపోయెను.

జ్ఞాపకముంచుకొనుట, విడుచుట అను ఈ రెండు మాటలను మనము చోటు దృష్టితో చదివినచో వాని అర్థము మరింత స్పష్టమగును. ఎవరు విడిచినది, ఎవరు ఎత్తినది తెలియకుండ కేవలము పడిన ముక్కలను లెక్కించుటవలన ప్రయోజనము కొద్దియే. న్యాయమూర్తి చెప్పిన నేర్పులో సగము పొరుగువానిని ఎరిగియుండుట.

ఆ తీర్పులో అంతగా ప్రచారము పొందని భాగము మరియొకటి కలదు. మా దృష్టిలో అదియే గృహస్థులకు ముఖ్యమైనది. ఆ క్లబ్బు ప్రతి ఆటపై కొంత రుసుము వసూలు చేయుచుండెను; సభ్యులు కానివారినుండి కూర్చున్నందుకు వేరుగా రుసుము తీసికొనుచుండెను. క్లబ్బు వసతుల ఖర్చునకై తీసికొను మితమైన రుసుమును కోర్టు నేరముగా ఎంచలేదు. కాని ఇంటి యజమాని గాని, క్లబ్బు గాని ఆటనుండి లాభము పొందుచున్నట్లు రుజువైనచో అది నేరము కాగలదని తీర్పు స్పష్టముగా హెచ్చరించెను.

ఇప్పుడు మన ప్రశ్నకు సమాధానము దొరకినది. బల్లచుట్టు ఉన్న చోట్లన్నియు తిరుగును. తిరుగని చోటు ఒక్కటే. అది ఆట నడిపించువానిది. అతడు ముక్కలు చూడడు, ముందు మాట్లాడడు, వెనుక మాట్లాడడు. ప్రతి ఆటనుండి తన వంతు తీసికొనును. ఆరుగురు తలకొక వేయి రూపాయలతో కూర్చున్నారనుకొందము. బల్లపై ఉన్నది 6000. ఆటకు సగటున 300 రూపాయలు చేతులు మారుననియు, అందులో నూటికి అయిదు చొప్పున 15 రూపాయలు నడుపువాడు తీసికొనుననియు అనుకొందము. నలువది ఆటలు ముగియుసరికి 600 రూపాయలు బల్ల దిగిపోయినవి. ఆరుగురిలో ఎంతటి నేర్పరి యున్నను అతని నేర్పు మిగిలిన 5400ను పంచుకొనుటకే పనికివచ్చును. పోయిన 600ను తిరిగి తేజాలదు. ఆట ఎంత దీర్ఘమైన అతని భాగము అంత పెరుగును. నేర్పరికి చోటువలన కలుగు లాభమును సయితము ఈ రుసుము నెమ్మదిగా తినివేయును.

చేతిలోని ఫోనుపై ఆట మొదలైన పిమ్మట ఈ తిరుగని చోటు మరింత మరుగున పడినది. ఎవరి ప్రక్కన ఎవరు కూర్చొనిరో తెలియదు. పొరుగువాని ముఖము కనబడదు. రుసుము మాత్రము ఆట ఆటకును తప్పక తెగును. ప్రభుత్వములు క్రమముగా కఠినమైనవి. 2017లో తెలంగాణ ప్రభుత్వము జూద చట్టమును సవరించి, నైపుణ్యపు ఆటల పేరిట ఉన్న మినహాయింపును తొలగించి, డబ్బు పెట్టి ఆడు రమ్మీని నిషేధములోనికి తెచ్చెను. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆన్‌లైన్ జూదముపై అట్టి చర్యయే తీసికొనెను. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము, అదృష్టమా నేర్పా అను వివాదముతో నిమిత్తము లేక, డబ్బు పందెముగా గల ఆన్‌లైన్ ఆటలను దేశమంతట నిషేధించినది. 1967లో న్యాయస్థానము నేర్పును విచారించినది; నేటి శాసనము సొమ్మును విచారించుచున్నది.

ఇందువలన పేకను తాకరాదని మేము చెప్పబోము. పండుగనాడు చావడిలో నలుగురు చేరి చింతగింజలు లెక్కపెట్టుకొనుచు ఆడు ఆటలో కూడ చోటు విలువ ఉన్నది. జ్ఞాపకమునకు పని ఉన్నది. పొరుగువాని మనస్సును చదువు సంతోషమున్నది. పిల్లలకు గణితము నేర్పుటకు కూన్ చూపిన మూడు ముక్కల ఆటకంటె చక్కని సాధనము అరుదు. చింతగింజలనే పందెముగా పెట్టి, చోట్లు మార్చుకొనుచు ఒక సాయంకాలమంతయు ఆడి లెక్క వ్రాసికొన్నచో, ముందు మాట్లాడుటకు గల వెల వారికే బోధపడును.

కాని జీతపు సొమ్ముతో బల్లవద్దకు పిలుపు వచ్చినపుడు, తనకు ఏ చోటు దొరకునో అని ఆలోచించుటకు ముందు గని కార్మికుడు గాని, అతని ఇంటివారు గాని అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఈ బల్లవద్ద ఎన్నడును చోటు మారనివాడు ఎవడు? అట్టివాడు ఒకడు ఉన్నచో, ముక్కలు కలుపకముందే ఆట ఎవరిదో తేలిపోయినది.